ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు

అసూయకి కళ్ళుండవంటారు. అది ఒట్టి మాట. లక్ష్మీనరసింహం గారి అసూయకి కళ్ళే కాదు, ఇత్తడి పిడి ఉన్న భూతద్దం కూడా ఉంది. ఆ అద్దం పెట్టుకుని ఆయన ముప్ఫై ఏళ్ళుగా పాత శాసనాలు చదువుతున్నారు. విజయనగరంలో ఒక కాలేజీలో సంస్కృతం చెప్పడం ఆయనకి కూడు పెట్టే పని. రాళ్ళు చదవడం ఆయన ప్రాణం. శ్రీకాకుళం జిల్లాలో తన చెయ్యి తగలని రాయి లేదని ఆయనే చెప్పుకునేవారు. నిన్నమొన్నటిదాకా ఊళ్ళో నలుగురూ కూడా ఆ మాటే అనేవారు.

ఆ నలుగురూ ఈమధ్య మాట మార్చారు. ఇప్పుడు శాసనం ఊసెత్తితే చాలు, "నౌపడ జగన్నాధం ఏవంటాడో కనుక్కుందాం" అంటున్నారు.

జగన్నాధం ఎవరయ్యా అంటే, నౌపడ దగ్గర ఎలిమెంటరీ బడిలో మేష్టరు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. వరీ, చోళ్ళూ పండించుకునే ఇంట్లో పుట్టాడు. వాళ్ళ తాతముత్తాతల్లో వేలిముద్ర వెయ్యనివాడు లేడు. అలాంటివాడు పాత లిపి తనంతట తనే నేర్చుకుని రెండేళ్ళలో మూడు వ్యాసాలు అచ్చు వేయించుకున్నాడు. లక్ష్మీనరసింహం గారింట్లో నాలుగు తరాలుగా చదువు తప్ప మరో పని లేదు. ఆయన ముప్ఫై ఏళ్ళలో అచ్చు వేయించుకున్నవి పదకొండు. పదకొండు మూడుకన్నా ఎక్కువే, కాదనం. కానీ మండే కడుపు లెక్కలు వింటుందా?

ఆ వ్యాసాలన్నీ 'ప్రాచీన కళింగం' అనే పత్రికలో వచ్చేవి. మూడు నెలలకొకసారి విజయనగరంలోనే అచ్చయ్యేది. దాని సంపాదకులు త్యాగరాజు గారు, హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, నియమమంటే నియమమే ఆయనకి. ఎవరైనా వ్యాసం పంపితే, పైన ఉన్న పేరు మీద తెల్లకాగితం అంటించి, ఆ సంగతి తెలిసిన పెద్దలొకరికి పంపేవారు. ఆ పెద్దమనిషి చదివి, తప్పేదో ఒప్పేదో ఒక కార్డు మీద రాయాలి. రాసినదెవరో చదివేవారికి చెప్పరు, చదివినదెవరో రాసినవాడికి చెప్పరు. ఒకరి మొహం ఒకరికి తెలియకపోతేనే నిజం పలుకుతుందని త్యాగరాజు గారి నమ్మకం. శాసనాల వ్యాసాలన్నీ చదివే పెద్ద లక్ష్మీనరసింహం గారే.

1967 శ్రావణమాసంలో ఒకనాడు అలా పేరు మీద కాగితం అంటించిన వ్యాసం ఒకటి వచ్చింది. 'శ్రీముఖలింగంలో ఒక అఖండదీపం' అని దాని పేరు. ఎవరో రైతు ఇల్లాలు, గుళ్ళో దీపం రాత్రీ పగలూ ఆరకుండా వెలగడానికి పాతిక ఆవుల్ని దానమిచ్చిందని ఒక శాసనం. అలాంటి దానాలు ఎన్నో ఉన్నాయి. పాతిక ఆవులు, ఒక దీపం అని రాసేసి పండితులందరూ ముందుకు పోయారు. లక్ష్మీనరసింహం గారూ పోయారు.

ఈ వ్యాసం రాసినవాడు పోలేదు. పాతికే ఎందుకు అని నిలబడి అడిగాడు. మన నాటు ఆవు ఏడాదిలో ఎన్ని నెలలు పాలిస్తుంది, ఎన్నాళ్ళు వట్టిపోతుంది, దూడకి ఎంత వదలాలి, సోలెడు నెయ్యికి ఎన్ని పాలు కావాలి, ఒక వత్తి రోజుకి ఎంత నెయ్యి తాగుతుంది, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి పేర్చుకుంటూ వచ్చాడు. ఎండాకాలంలో సగం మంద వట్టిపోయినా దీపం ఆరకూడదంటే పాతికకి ఒక్కటి తగ్గినా చాలదని తేల్చాడు. చివర ఒక వాక్యం రాశాడు: 'రాయి చెక్కినవాడికి అక్షరాలు తెలుసు, దానమిచ్చిన ఇల్లాలికి మంద తెలుసు.'

లక్ష్మీనరసింహం గారు భూతద్దం కింద పెట్టేశారు. పేరు మీద కాగితం అంటిస్తే మాత్రం దాగుతుందా? ఆవు పొదుగు దగ్గర కూర్చున్నవాడు తప్ప ఇలా రాయలేడు. ఇది జగన్నాధమే. ఇన్ని ఆవుల శాసనాలు చదివానే, ఈ ప్రశ్న నాకెందుకు తట్టలేదు అనుకున్నారాయన. ఆ అనుకోవడంతోనే కడుపులో ఎవరో మిరపకాయలు దంచినట్టయింది.

"ఏవండీ, అన్నం అలా వదిలేసేరు? ఒంట్లో బాగులేదా?" అంది ఆయన భార్య త్రిపురసుందరి.

"కడుపులో మంట."

ఆవిడ జీలకర్ర వేసి మజ్జిగ కలిపి ఇచ్చింది. గ్లాసు ఖాళీ అయింది గానీ, మజ్జిగతో చల్లారే మంట కాదది.

మర్నాడు రెండోసారి చదువుతుంటే ఆయనకి తప్పు దొరికింది. వ్యాసం చివర శాసన పాఠం ఉంది. నాలుగో పంక్తిలో దేవుడి పేరు ఉండవలసిన చోట రాయి చెక్కు లేచిపోయింది. ఆ చెక్కు వెడల్పు, దాని పక్కన సగం మిగిలిన అక్షరం, అన్నీ ఆయనకి గుర్తే. ఆ రాయి శ్రీముఖలింగంలో లేదు. వంశధారకి అవతలి ఒడ్డున సింగుపేట అనే చిన్న పల్లెలో, కూలిపోయిన శివాలయం దగ్గర పొలం గట్టున ఉంది. పన్నెండేళ్ళ కిందట తడికాగితం ఆ రాయికి అంటించి, బ్రష్షుతో కొట్టి, సిరాగుడ్డ అద్ది అచ్చు తీసింది తానే. అలా తీసిన నలభై అచ్చుల్ని పత్రికవారి రేకుపెట్టెకి ఇచ్చినదీ తానే. జగన్నాధం ఆ పెట్టెలోంచే ఇది తీసుకుని ఉంటాడు.

"ఏది ఏ ఊరిదో వెనక పెన్సిలుతో రాసి మరీ ఇచ్చేనే! చూసుకోలేదన్న మాట. రాయి దగ్గరికి వెళ్ళనూ లేదన్న మాట. ఇంట్లో కూర్చుని శ్రీముఖలింగం గుడి చుట్టూ వ్యాసం అల్లీసేడు" అనుకున్నారాయన. మంట కొంచెం తగ్గింది.

ఆయన రాయవలసినది ఒక్క కార్డు ముక్క. ఈ రాయి ఫలానా చోట ఉంది, ఊరు సరిచేసుకోమనండి, అని రాస్తే సరిపోయేది. కానీ అలా రాస్తే ఏమవుతుంది? జగన్నాధం ఊరు సరిచేసుకుంటాడు. వ్యాసం మేలిమి బంగారమవుతుంది. నలుగురూ ఇంకో మెట్టెక్కి పొగుడుతారు. అదే రాయకుండా ఊరుకుంటే? వ్యాసం ఇలాగే అచ్చవుతుంది. ఎవడో ఒకడు ఎప్పుడో ఒకప్పుడు శ్రీముఖలింగం వెళ్ళి ఆ రాయిని వెతుకుతాడు.

లక్ష్మీనరసింహం గారు కలం తీశారు. 'అద్భుతమైన రచన. ఇంత సూక్ష్మమైన పరిశీలన మన పత్రికలో ఇంతవరకు రాలేదు. ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ప్రచురణార్హం.' అని రాసి, తానే వెళ్ళి పోస్టు డబ్బాలో వేసి వచ్చారు. ఆ పూట రెండోసారి పప్పు వడ్డించుకున్నారు. మజ్జిగ పనిచేసిందని త్రిపురసుందరి సంతోషించింది.

వ్యాసం అక్టోబరు సంచికలో వచ్చింది. రెండు నెలలపాటు విన్నవాళ్ళందరూ పొగిడారు. లక్ష్మీనరసింహం గారు ఊఁ కొడుతూ, నెలలు నిండే చూలాల్ని కనిపెట్టుకున్నట్టు కాలాన్ని కనిపెట్టుకుని ఉన్నారు.

జనవరిలో ఉత్తరం వచ్చింది. ఒక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని శ్రీముఖలింగం వెళ్ళాడట. రెండు రోజులు స్తంభం స్తంభం, గోడ గోడ వెతికాడట. అలాంటి శాసనం అక్కడ లేదు. 'లేని శాసనాన్ని పుట్టించి అచ్చు వేయించడం పరిశోధన కాదు, మోసం. ఈ ఉత్తరాన్ని ప్రకటించి, ఆ రచయిత వ్యాసాలు ఇకమీద తీసుకోవద్దు' అని రాశాడు.

త్యాగరాజు గారు ఆ ఉత్తరం పట్టుకుని నేరుగా లక్ష్మీనరసింహం గారింటికి వచ్చారు.

"ఇది ప్రకటిస్తే ఆ కుర్రాడి పని అయిపోయినట్టే నరసింహం గారూ. వీడు దొంగ శాసనాలు రాస్తాడని పేరు పడితే, మరి ఏ పత్రికా వాడి కాగితం ముట్టుకోదు. ప్రకటించకపోతే మన పత్రిక పరువు పోతుంది. మీరు చదివేరు కదా, మీకేవీ అనుమానం రాలేదా?"

అతన్ని అజాగ్రత్త మనిషి అంటారనుకున్నారు గానీ, దొంగ అంటారని లక్ష్మీనరసింహం గారు అనుకోలేదు. చెప్పడానికి ఇదే సమయం. కానీ చెబితే, తెలిసి ఎందుకు వదిలేశావని అడుగుతారు. తేలు కుట్టిన దొంగలా ఉత్తరం మీంచి చూపు తిప్పుకుని, "ఆ రాయి నేను చూడలేదు కదండీ" అన్నారు. అది ఆయన జీవితంలో ఒక రాయి గురించి ఆడిన మొదటి అబద్ధం.

"అయితే ఆదివారం అతన్ని పిలిపిస్తాను. మీరూ రండి. అతని మాట వినకుండా శిక్ష వెయ్యడం న్యాయం కాదు" అన్నారు త్యాగరాజు గారు.

ఆదివారం పది గంటలకి ముగ్గురూ త్యాగరాజు గారి ముందుగదిలో కూర్చున్నారు. జగన్నాధం పాసింజరు బండిలో వచ్చాడు. ఉతికిన పంచె, భుజాన సంచీ, చంకలో గొడుగు, చేతిలో కాగితపు చుట్ట. ఉత్తరం చదివి వినిపిస్తే తల వంచుకుని విన్నాడు.

"నాను పుట్టించనేదండి. అచ్చు ఇదిగో" అని చుట్ట విప్పి బల్ల మీద పరిచాడు. నల్లటి సిరా మీద తెల్లగా అక్షరాలు కనబడ్డాయి. కాగితం చుట్టుకుపోకుండా రెండు అంచులూ అరచేతుల్తో అదిమి పట్టుకున్నాడు.

"శాసనం ఉందన్న మాట. మరి శ్రీముఖలింగందని నీకెవరు చెప్పేరు?" అన్నారు త్యాగరాజు గారు.

"నానే అలాగనుకున్నాను."

"వెనక ఏవీ రాసి లేదా?"

జగన్నాధం ఒక్క క్షణం లక్ష్మీనరసింహం గారి వైపు చూసి కళ్ళు దించుకున్నాడు. "తప్పు నాదేనండి. ఎవుల మీదా పెట్టను. రాయి కాడికెల్లి సూడకుండా రాసీసినాను. ఏ శిక్షేసినా పడతాను."

లక్ష్మీనరసింహం గారు అతని ఎడమ పక్కన కూర్చున్నారు. ఆయన వైపు కాగితం మూల కొంచెం లేచి ఉంది. దాని వెనక వాలుగా, పొడుగు కొమ్ములతో, పెన్సిలు రాత. అది ఎవరి రాతో ఆయనకి భూతద్దం లేకుండానే తెలిసింది. 'శ్రీముఖలింగం' అని ఒకప్పుడు తన చేత్తో తానే రాసినది.

అప్పుడు గుర్తొచ్చింది. సింగుపేటలో అచ్చు తీస్తుండగా వాన పట్టుకుంది. కాగితం ఆరకుండానే ఊడదీసి, గొడుగు దానికి పట్టి, తాను తడుస్తూ ఏరు దాటి శ్రీముఖలింగం వచ్చారు. అక్కడ ఒక అర్చకుల ఇంటి అరుగు మీద ఆరబెట్టారు. ఆ అరుగు మీద మిగతా కాగితాలూ ఉన్నాయి, అన్నీ శ్రీముఖలింగానివే. ఆరిన వెంటనే అన్నిటి వెనకా ఒకే ఊరి పేరు రాసిపారేశారు. రాయి ఉన్న ఊరు కాదు, కాగితం ఆరిన ఊరు.

అంటే ఇతను చూసుకున్నాడు. చూసుకునే, అచ్చులిచ్చిన పెద్దవాడి రాత కదా అని నమ్మాడు. ఇప్పుడు ఆ రాత ఎవరికీ కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి కూర్చున్నాడు. ఒక్కసారి కాగితం తిరగేస్తే దొంగ అన్న మాట ఊడిపోతుంది. తిరగెయ్యడం లేదు.

ఇక్కడ లక్ష్మీనరసింహం గారి గుండె కరిగిందని రాస్తే బాగానే ఉంటుంది గానీ, అది నిజం కాదు. ఆయనకి ఒళ్ళు మండిపోయింది. వ్యాసంలో నన్ను మించేడు, సరే. ఇప్పుడు మంచితనంలో కూడా మించుతాడా? ఈ తప్పు నెత్తినేసుకుని వీడు గుమ్మం దాటితే, నేను బతికినన్నాళ్ళూ వీడి కింద బతకాలి. ఇది మాత్రం వీడికి ఇవ్వను, అనుకున్నారాయన. కుళ్ళుతోనే లేచి, ఆ కుళ్ళుతోనే కాగితం లాగి, బల్ల మీద బోర్లించారు.

"చూడండి త్యాగరాజు గారూ. ఈ రాత నాది. రాయి సింగుపేటలో ఉంది. పన్నెండేళ్ళ కిందట ఊరు పేరు తప్పు రాసింది నేను. ఇతను నా రాత నమ్మేడు, అంతే."

త్యాగరాజు గారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. ఆయన మొహం విప్పారింది. "పొరపాటు ఎవరికైనా వస్తుంది. ఒప్పుకోడానికే పెద్దమనసు ఉండాలి" అన్నారు.

అక్కడితో ఊరుకుంటే చాలు, గౌరవం ఇంకా పెరిగేది. కానీ జగన్నాధం ఏమీ ఎరగనట్టు తన పక్కన అలాగే కూర్చుని ఉన్నాడు. సగం చెప్పి పెద్దమనసు బిరుదు పుచ్చుకుంటే, తన కోసం ఆ రాతే దాచినవాడి ముందు అది ఎంగిలి బిరుదు. లక్ష్మీనరసింహం గారు మళ్ళీ నోరు విప్పారు.

"పెద్దమనసు లేదండీ. వ్యాసం నా దగ్గరికి వచ్చినప్పుడే రాయి అక్కడిది కాదని నాకు తెలుసు. తెలిసే, ఒక్క అక్షరం మార్చనక్కర్లేదని రాసేను. ఇతను నలుగుర్లో నవ్వులపాలు కావాలని రాసేను."

జగన్నాధం తలెత్తాడు. దొంగ అన్నప్పుడు కూడా కదలని మొహం ఇప్పుడు పాలిపోయింది.

"ఆ కార్డు మీరు రాసిందేనేటి?" అన్నాడు.

త్యాగరాజు గారు ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. "వచ్చే సంచికలో సవరణ వేస్తాను. మీరు ఇప్పుడు చెప్పినదంతా, తెలిసి వదిలేసిన సంగతితో సహా, మీ సంతకంతో వేస్తాను. తప్పు చదవడం తప్పు కాదు నరసింహం గారూ. కనబడ్డ తప్పు దాచడం తప్పు. ఇకమీద మీకు వ్యాసాలు పంపను."

"సరే" అన్నారు లక్ష్మీనరసింహం గారు. ముప్ఫై ఏళ్ళ పెద్దరికం ఆ ఒక్క మాటతో పోయింది.

జగన్నాధం ఇద్దరికీ నమస్కారం పెట్టి బయటికి నడిచాడు. లక్ష్మీనరసింహం గారు వెనకే వెళ్ళారు. ఎందుకు వెళ్ళారో ఆయనకే తెలియదు. స్టేషను దాకా ఒకరు ముందూ ఒకరు వెనకా నడిచారు. పాసింజరు గంటన్నర ఆలస్యమన్నారు. జగన్నాధం ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన వచ్చి పక్కన కూర్చుంటే, లేచి పోలేదు, పలకరించనూ లేదు.

చాలాసేపటికి, "మేష్టారూ, ఆ కార్డు మీద మాటలు త్యాగరాజు గారు ఎత్తి రాసి నాకు పంపినారు" అన్నాడు. "ఎవులు రాసినారో తెలీదు గానీ, ఎవులో పెద్దాయన రాసినారని దాసుకున్నాను. మా అయ్యకి సదివి ఇనిపించినాను. ఆయనకి ఒక్క అక్షరం రాదు, శాసనమంటే ఏటో తెలీదు. అయినా రెండుపాలి సదివించుకున్నాడు. ఇప్పుడు ఏటి సెప్పమంటారు? రాసినాయన నన్ను ముంచడానికి రాసినాడని సెప్పీమంటారా?"

లక్ష్మీనరసింహం గారు పట్టాల వైపు చూస్తూ అన్నారు.

"ముంచడానికే రాసేను. కానీ మార్చనక్కర్లేదన్న ఆ ఒక్క ముక్కా తప్ప మిగతాదంతా నిజం బాబూ. ఆ ఆవుల లెక్క నా తరంలో ఎవడికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. నీ వ్యాసం నాసిగా ఉంటే నాకింత కడుపుమంట ఎందుకు? నాసిరకాన్ని చూసి ఎవడైనా ఏడుస్తాడేవిటి?"

జగన్నాధం నవ్వలేదు. ఒళ్ళో ఉన్న సంచీలోంచి కాగితాల కట్ట ఒకటి తీసి ఆయన మోకాలి మీద పెట్టాడు.

"మా వైపు ఉప్పుమళ్ళ దానం మీద రాసినాను. త్యాగరాజు గారికి ఇద్దారని తెచ్చి, ఇయ్యడానికి మొహం సెల్లక ఊరుకున్నాను. సదవండి. నాకు మెప్పొద్దు. తప్పులు సెప్పండి."

"నాకు వ్యాసాలు పంపనన్నారు కదా ఆయన."

"ఆయన పంపనేదు. నానిస్తన్నాను."

లక్ష్మీనరసింహం గారు చదవడం మొదలుపెట్టారు. రెండో పేజీకి వచ్చేసరికి కడుపులో మిరపకాయలు మళ్ళీ దంచడం మొదలైంది. ఇది ఆవుల వ్యాసంకన్నా బాగుంది. ఉప్పు ఎప్పుడు తీస్తారో, వానకి ఎంత కరిగిపోతుందో తెలిసినవాడు రాసినది. మూడో పేజీ ఇంకా బాగుంది. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన అసూయ పోతుందని ఎవరన్నారో గానీ, వాళ్ళకి అసూయ తెలియదు.

అయిదో పేజీలో ఆయన కన్ను ఆగింది. ఆ ఉప్పుమళ్ళు దానమిచ్చిన వంశంలో రాజులు తాత పేరే మనవడికీ పెట్టుకునేవారు. తాత కాలం నాటి దానాన్ని జగన్నాధం మనవడికి కట్టాడు. అరవై ఏళ్ళ తేడా. వ్యాసమంతా ఆ సంవత్సరం మీదే నిలబడి ఉంది. విజయనగరం నుంచి నౌపడ దాకా ఆ తప్పు పట్టగలవాడు తానొక్కడే. ఆయన పేజీ తిప్పేశారు. ఆరో పేజీ, ఏడో పేజీ అక్షరాలు కనబడుతున్నాయి గానీ తలకెక్కడం లేదు.

బండి వచ్చింది. జగన్నాధం లేచి సంచీ భుజాన వేసుకుని, కాగితాల కోసం చెయ్యి చాపాడు.

"ఎలాగున్నాది మేష్టారూ?"

బాగుంది అనే మాట లక్ష్మీనరసింహం గారి నాలుక చివరే ఉంది. అబద్ధం కూడా కాదది. కాగితాలు ఇవ్వబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అయిదో పేజీ తిరగేసి, ఆ పంక్తి మీద వేలు పెట్టారు.

"కూర్చో. ఇక్కడ తప్పుంది. వీడు మనవడు కాడు, తాత."

జగన్నాధం వంగి చూశాడు. సంచీ కింద పెట్టి, మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు. బండి కూత వేసి కదిలిపోయింది. లక్ష్మీనరసింహం గారి కడుపు మండుతూనే ఉంది. వేలు మాత్రం ఆ పంక్తి మీంచి తియ్యలేదు.